బోరు ఎక్కడ వెయ్యాలె

ఇరవై మందికి సరిపడా ఉల్లిగడ్డలు కోస్తూ శైలజ కళ్లు తుడుచుకుంటుంటే, పక్కన కూర్చున్న కోయ ఆడవాళ్లు నవ్వుతున్నారు. అవతలి రాష్ట్రంలో తుపాకుల మోతకు ఇళ్లు వదిలి, సరిహద్దు దాటి వచ్చి, కొత్తగూడ అడవిలో గుడిసెలు వేసుకున్న వాళ్లు. వాళ్లకు ఇళ్లు కట్టించి, బోరు వేయిస్తామని హైదరాబాదు నుంచి ఒక సంస్థ వచ్చింది. కోయవాళ్ల మాటను ఆ సంస్థవాళ్లకు తెలుగులో చెప్పే పని శైలజ మొగుడు ఇమ్మానుయేల్‌ది. వచ్చినవాళ్లకు వండిపెట్టే పని శైలజది. అతని పనికి మెడలో కార్డు ఉంది. ఆమె పనికి, "మనోళ్లే గదనే, జర నాలుగు గింజలు ఉడకేస్తే ఏం బోతది" అన్న మొగుడి మాట ఉంది.

తమాషా ఏమిటంటే, కోయమాట వచ్చింది శైలజకే. ఇప్పపువ్వు ఏరుతూ కోయపిల్లలతో పెరిగింది. ఇమ్మానుయేల్‌కు నీళ్లు, అన్నం, దండం తప్ప నాలుగో మాట రాదు. రోజూ బయల్దేరే ముందు, "జొరాన్ని ఏమంటరే?" అని అడిగి అరచేతిలో రాసుకుంటాడు. "నేను సుత వస్తనయ్యా" అని ఆమె ఒకసారి అంటే, "సార్ల ముంగట నువ్వేం మాట్లాడ్తవు? నీకు సిగ్గెక్కువ" అన్నాడు. తనకు సిగ్గెక్కువని శైలజకు ఆ రోజే తెలిసింది. పదహారేళ్లుగా పనెక్కువ అనుకుంటోంది.

ఇవాళ బోరుబండి వచ్చేసింది. ఇంజనీరు వెంకట్రాం రోడ్డు పక్కన గడ్డ మీద సున్నంతో గుర్తు వేయించాడు. అది చూసి ఆడవాళ్లంతా పొయ్యి దగ్గర నుంచి లేచి అక్కడికి వెళ్లారు, వెనకే శైలజ. దేవె అనే పెద్దామె చేతులు తిప్పుతూ చాలాసేపు మాట్లాడింది.

"ఏమంటుంది?" అని ఇమ్మానుయేల్‌ను అడిగాడు వెంకట్రాం.

"దండాలు చెప్తుంది సార్. శాన సంతోషమట."

"ఇంతసేపా?"

"పెద్దమనిషి గద సార్. నిమ్మలంగ చెప్తది."

శైలజకు నవ్వొచ్చింది. వెంటనే ఆగిపోయింది కూడా. బండి డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు. గొట్టం దిగిందంటే బోరు ఇక అక్కడే. నలుగురిలో మొగుడి పరువు ఒక పక్క, వీళ్ల నీళ్లు ఒక పక్క. ఇన్నేళ్లూ ఆమె కాళ్లకు మొదటి పక్కే అలవాటు. ఈసారి అవి రెండో పక్కకు నడిచాయి.

"సార్, ఆమె దండాలు చెప్తలేదు. తిడుతుంది."

ఇమ్మానుయేల్ అరచేయి చూసుకున్నాడు. అందులో తిట్లు లేవు.

"లారీలు పోయే రోడ్డు మీద మేం తానం ఎట్ల చెయ్యాలె అంటుంది. కడుపుతోనున్నోళ్లు గా గడ్డ ఎక్కి బిందె ఎట్ల మోస్తరు అంటుంది. గుడిసెల ఎనక ఏస్తే మీ సొమ్మేం బోతది అంటుంది. గిది మాత్రం నేను జర మెత్తగ చెప్పిన సార్."

వెంకట్రాం గట్టిగా నవ్వాడు. కొలతలు మళ్లీ తీసి, బండిని గుడిసెల వెనక్కి తిప్పించాడు. దేవె శైలజ బుగ్గలు పుణికింది.

"రేపు భూపాలపల్లి దిక్కు ఇంకో గూడెం పోవాలె" అంటూ వెంకట్రాం ఇమ్మానుయేల్ వైపు తిరిగాడు.

"నేనొస్త సార్" అంది శైలజ.

ఇమ్మానుయేల్ ఆమెను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "మరి పొద్దుగాల పిల్లల బువ్వ? నాకు వంట రాదు గదనే."

"నేర్సుకో" అంది శైలజ. "కోయమాట కంటె అల్కగనే వస్తది."