కమాను కింది సాక్షులు

జకర్యాను పట్టపగలే, మార్కెట్ పెద్ద కమాను కిందే కొట్టారు.

ప్రేమమణి అప్పుడు చేటల దొంతర వెనక కూర్చుని వెదురు బద్దలు చీరుతోంది. రెజిమెంటల్ బజార్ పక్కనున్న ఆ పాత రాతి మార్కెట్లో తాతల నాటి నుంచి వాళ్లది మేదరి పనే. కంట్రాక్టర్ మనుషులు గునపాలతో వచ్చి కమాను రాళ్లు పెకలించడం ఆమె కళ్లారా చూసింది. మార్కెట్‌కు సున్నం పని చేసే మేస్త్రీ జకర్యా ఉరికొచ్చి ఒకడి చెయ్యి పట్టుకున్నాడు.

"కింద మనుషులున్నర్రా! కూలితే సస్తరు!"

గునపం అతని భుజం మీద పడింది. మళ్లీ పడింది.

పోలీసులు వచ్చి జకర్యానే జీపెక్కించారు. కమాను పగలగొట్టింది అతనేనట! ఆ వెంటే ఒక ఆఫీసరు మైకు పట్టుకుని, కట్టడం కూలేలా ఉందని, రేపటికల్లా ఖాళీ చేయాలని చెప్పి వెళ్లాడు. ఖాళీ ఎవరి కోసం? అక్కడ అద్దాల కాంప్లెక్సు లేపబోయే కంట్రాక్టర్ కోసం.

అతని మనిషి తిరుమల్ వచ్చి ప్రేమమణి ముందు గొంతుక్కూర్చున్నాడు. ఒక చేట తీసి తిప్పి చూశాడు.

"మంచిగ అల్లుతవ్ అక్కా. నీ బిడ్డ సుకన్య మెట్టుగూడల బస్సెక్కుతది గదా కాలేజీకి? ఒక్కతే పోతదా?"

ఆమె చీరుతున్న బద్ద కింద పెట్టింది.

"నువ్వేం చూడలే. సమజైందా?"

ప్రేమమణి తలూపింది.

సాయంత్రం అందరూ ఆ కమాను కిందే చేరారు. పైనుంచి సున్నం పొడి రాలుతుంటే మాట్లాడేవాళ్లు మధ్యలో ఆగి పైకి చూస్తున్నారు.

"గొడవెందుకండీ?" అన్నాడు పెద్ద కిరాణా కొట్టు రామభద్రరావు. "కొత్త కాంప్లెక్సులో మనకూ షాపులిస్తామంటున్నారుగా."

"నీకిస్తరు సేటూ!" గిన్నెలకు కళాయి పెట్టే భద్రయ్య లేచాడు. "నా కొలిమి పొగ గా అద్దాల బిల్డింగుల పట్టనిస్తరా? గీ జోయా లక్క గాజులకు నిప్పులు రాజేస్తే ఊకుంటరా? జకర్యా మనకోసం దెబ్బలు తిన్నడు. ఒక్కలన్న చూసిండ్రా, లేదా?"

ప్రేమమణి కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా లోపలున్న మాట ఆగలేదు.

"నేను చూసిన" అంది. "తిరుమల్‌గాడు నా బిడ్డ పేరు తీసిండు. భయమై ఊకున్న."

జోయా ముందుకొచ్చింది. "నేను సుత చూసిన అక్కా. షటర్ దించుకుని లోపల కూసున్న."

"నేనూ చూశానండీ" అన్నాడు రామభద్రరావు, తలొంచుకుని.

అందరూ చూశారు. తామొక్కరే చూశామనుకుని ఎవరికి వారు బిక్కచచ్చి ఉన్నారు.

"సుకన్య ఒక్కతే పోదు" అన్నాడు భద్రయ్య. "రేపటిసంది మనోళ్లు ఆమెతోని బస్సెక్కుతరు. ఇప్పుడు ఠాణాకు నడువుండ్రి."

ఠాణాలో వాళ్లు చూశామనగానే ఇన్‌స్పెక్టర్ కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. "ఎవర్రా చూసింది?"

ప్రేమమణి ముందుకు జరిగింది. గోడ పట్టుకుని నిలబడి, తిరుమల్ పేరుతో సహా అంతా చెప్పింది.

"సర్కారు పనికి అడ్డమొస్తున్నది. లోపలెయ్యండి. మిగతావాళ్లు పోండి!"

ఎవరూ పోలేదు. జోయా వచ్చి ఆమె పక్కన నిలబడింది. ఆమె వెనక భద్రయ్య. రామభద్రరావు చెమట తుడుచుకుంటూ గడప దాటి లోపలికొచ్చాడు.

ఊచల వెనక జకర్యా వాచిన ముఖం ఎత్తి ప్రేమమణిని చూశాడు. "నువ్వెందుకొచ్చినవ్ బిడ్డా?"

"భయమైందన్నా. ఇంట్ల కూసుంటే ఇంకా భయమైతది."

బయట బజారంతా షటర్లు దిగుతున్న చప్పుడు. "జకర్యాను ఇడువాలె! మార్కెట్ మాది!" అన్న కేకలు దగ్గరవుతున్నాయి. ఇన్‌స్పెక్టర్ హడావిడిగా గేటు మూయించాడు. మూసిన గేటు అవతలికి జనం ఇంకా వస్తూనే ఉన్నారు.