గ్రీన్‌రూమ్ గడియ

నేను ఒక ఇత్తడి గడియను. పురమందిరం గ్రీన్‌రూమ్ తలుపుకి బయటివైపు ఉంటాను. ఈ క్షణంలో నా వెనక ఒక ఆడమనిషి అరచేతులు వాచేలా తలుపు బాదుతోంది.

"ఎవరండీ బయట? తలుపు తీయండి! లోపల మనిషి ఉంది!"

ఆవిడ పేరు హైమవతి. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయింది. పొద్దుటినుంచీ జనాన్ని వెంటేసుకుని ఈ పాత హాలంతా తిప్పి చూపించింది. సరదాకి కాదు. గవర్రాజనే కాంట్రాక్టరు దీన్ని కూల్చి దుకాణాలు కడతానంటున్నాడు. ఎదురుగా గడియారం సెంటర్‌లో, షామియానా కింద, కమిషనర్ కూర్చుని ఊరి మాట వింటున్నాడు. అభ్యంతరం చెప్పేవాళ్లు లేకపోతే లేరని రాసుకుని వెళ్లిపోతాడు. ఆ తర్వాత ఈ హాలుకి దిక్కు లేదు. సభ ముగిసేలోగా హైమవతి అక్కడ నిలబడాలి.

తుపాను నాడు ఊరంతా ఈ హాల్లోనే తలదాచుకున్న ఫోటో ఒకటి గ్రీన్‌రూమ్ గోడకుంది. కమిషనర్‌కి చూపిద్దామని లోపలికొచ్చింది. ఆవిడ వీపు తిరగ్గానే ఒక చెయ్యి నన్ను గట్టిగా తోసేసింది. ఫోను చేతిసంచిలో ఉంది. సంచి షామియానా కింద కుర్చీలో ఉంది. గదికి కిటికీ లేదు, పైన గాలి కోసం ఒక చిన్న కంత తప్ప.

ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలుసు. ఏం లాభం? నోరు లేనిదాన్ని. ఆవిడ నా వెనక బందీ, నేను ఈ తలుపుకి బందీ.

నన్ను పోతపోసిన కంచరి, ఏనుగు తోసినా ఊడదని గొప్పలు చెప్పి ఒక దొరకి అమ్మాడు. దొర నన్ను గుర్రాల సాలకి బిగించాడు. దొర ఓడెక్కాక ఒక బియ్యం వర్తకుడు వేలంలో నన్ను పాడుకున్నాడు. పురమందిరానికి చందా అడిగితే ఆ మహానుభావుడు నన్ను విప్పి ఇచ్చి, శిలాఫలకం మీద తన పేరు అందరికంటే పెద్దగా చెక్కించుకున్నాడు. మనుషులకి రాతి మీద పేరంటే అంత పిచ్చి.

అప్పట్లో ఇక్కడ నాటకాల జోరు. కిరీటం పెట్టుకున్న రాజుగారు తెర లేవకముందే బీడీ కోసం సెంటర్‌లోకి వెళ్లి జనం కంటపడేవారు. ఆ తర్వాత ఆయన ఎంత గర్జించినా జనం నవ్వేవారు. అందుకని నాటకం మొదలయ్యే ముందు గ్రీన్‌రూమ్‌కి బయట గడియ పెట్టేవాళ్లు. పెట్టి, తలుపు మీద మూడుసార్లు తట్టేవాళ్లు. తెర లేస్తోంది, చప్పుడు చేయకండని లోపలివాళ్లకి అది కబురు.

ఇందాక నన్ను తోసిన చెయ్యి కూడా తట్టింది. మూడుసార్లు. ఏళ్ల తరబడి అలవాటైన చెయ్యి, దొంగపని చేస్తున్న సంగతే మర్చిపోయింది.

లోపల బాదుడు ఆగింది. హైమవతికి ఇప్పుడు ఆ తట్టడం గుర్తొచ్చినట్టుంది. వాళ్ల నాన్న ఇక్కడ హార్మోనియం వాయించేవాడు. ఆవిడ చిన్నప్పుడు ఈ రంగుల పెట్టెల మధ్యే నిద్రపోయేది.

"గవర్రాజుకి ఈ తట్టడం ఏం తెలుసు?" అని గొణిగింది. "ఆ నాటకాలవాళ్లలో మిగిలింది ఒక్కరేగా..."

సరిగ్గా అప్పుడే కంతలోంచి మైకు వినబడింది. మాట్లాడుతున్నది హాలు పరిరక్షణ సంఘం అధ్యక్షుడు పురుషోత్తం, ఒకప్పటి మేటి నటుడు, ఆవిడ బాబాయ్ అని పిలిచే మనిషి.

"మా హైమకి ఒంట్లో బాగోలేదండి, ఇంటికెళ్లిపోయింది. సంఘం తరఫున నేనే చెబుతున్నా. మాకు అభ్యంతరం లేదు. కొత్త భవనంలో నా పేరు మీద ఒక కళావేదిక కడతామని గవర్రాజుగారు మాటిచ్చారు. వద్దన్నానండి, వినలేదు."

 మరుక్షణం తలుపు మీద భుజంతో గుద్దు.

"ఏవండోయ్, బాత్రూం ఇటేనా?"

పొద్దున హాలు చూడ్డానికి పక్క ఊరి నుంచి వచ్చిన మంగతాయారు, దారితప్పి ఇటొచ్చింది.

"బాత్రూం కాదండీ, నేను! గడియ తీయండి!"

"ఓరి నాయనో! మాకు హాలు చూపించిన మేడంగారు కదూ? ఇంటికెళ్లిపోయారని మైకులో చెబుతున్నారేంటి?"

"వెళ్లనిస్తేగా! త్వరగా తీయండి, మీకు పుణ్యముంటుంది!"

మంగతాయారు నన్ను లాగింది. నేను కదల్లేదు. కదలాలని నాకూ ఉంది. అంత గట్టిగా తోశాడు మరి.

"ఇదేం గడియండీ, మా అత్తగారిలా బిగుసుకుపోయింది!" అంటూ కాలి చెప్పు తీసింది.

దొర చేతిలో, వర్తకుడి చేతిలో పడని అవమానం. నాలుగు చెప్పుదెబ్బలు తిన్నాను. కళ్లు బైర్లు కమ్మి పక్కకి జారాను. జీవితంలో ఏ దెబ్బా ఇంత హాయిగా లేదు.

హైమవతి ఫోటో చంకలో పెట్టుకుని పరిగెత్తింది. తలుపుతో పాటు నేనూ తిరిగాను, హాలు వాకిట్లోంచి సెంటర్ మొత్తం నాకు కనబడుతోంది. కమిషనర్ అప్పుడే లేచి కుర్చీ వెనక్కి జరిపాడు.

"ఆగండి! నాకు అభ్యంతరం ఉంది!"

"మీకు ఒంట్లో బాగోలేదన్నారు?"

"నన్ను గ్రీన్‌రూమ్‌లో ఉంచి బయట గడియ పెట్టారండి."

జనం ఒక్కసారిగా గవర్రాజు వైపు తిరిగారు.

"నా వైపు చూస్తారేంటండీ! ఆ గది ఎటుందో కూడా నాకు తెలీదు, ఒట్టు!"

"ఆయన కాదు," అంది హైమవతి.

"మరెవరు?" అన్నాడు కమిషనర్, మళ్లీ కూర్చుంటూ.

ఆవిడ పురుషోత్తం చేతిలోని మైకు పట్టుకుంది. ఆయన వదల్లేదు. "వద్దు హైమా, మీ నాన్న మొహం చూసైనా..." అని గుసగుసలాడాడు. మైకు ఆ గుసగుసని కూడా సెంటరంతా వినిపించింది.

ఆవిడ కళ్లు తుడుచుకుంది. మైకు లాక్కుంది.

"మా బాబాయ్. పురుషోత్తం గారు."