పసుపు ముందు, నలుపు వెనక

మామయ్య ప్రెస్సులో అంచనా అంటే ఆయన గడ్డం గోక్కోవడమే. ఒకసారి గోకితే రెండు రోజులు, తెగ గోకితే వారం. మేనకోడలు అలా కాదు. మూడు నెలలు మెషిన్ పక్కన స్టాప్‌వాచీతో నిలబడి ప్లేటు మార్చడానికెంత, గంటకు ఎన్ని షీట్లు, రంగు కడగడానికెంత అని రాసుకుంది. దాంతో ముద్రణాలయంలో ఆమెకు ‘నిమిషం’ అని ముద్ర పడిపోయింది.

బడిగోడలకు తగిలించే పటాలు, పన్నెండు రకాలు, ఒక్కోటి మూడు రంగులు, ఏడు రోజుల్లో కావాలంటూ ఒక ప్రచురణకర్త వచ్చాడు. ఆ పని జారిపోతే నెలాఖరుకి మెషిన్ అమ్మేయాల్సిందే. అయినా మామయ్య, “తొమ్మిది రోజులకి తగ్గదండీ” అన్నాడు.

“ఏడులో ఇస్తాం” అంది నిమిషం.

ప్రచురణకర్త గడప దాటాడో లేదో మామయ్య గయ్‌మన్నాడు. “నోరుందని ఒప్పేసుకోవడమేనా? మెషిన్‌కి రెక్కలున్నాయా?”

“రెక్కలెందుకు మామయ్యా? ఒక పటం పూర్తయ్యాకే ఇంకోటి పట్టుకుంటాం. నలుపు, పసుపు, ఎరుపు, మళ్ళీ నలుపు. ముప్ఫై ఆరు కడుగుళ్ళు, ఒక్కోటి ముప్పావుగంట. ఇరవై ఏడు గంటలు అచ్చు వేయట్లేదు, అంట్లు తోముతున్నాం! అన్నిటికీ పసుపు కొట్టేసి, తర్వాత ఎరుపు, ఆఖర్న నలుపు వేద్దాం. మూడే కడుగుళ్ళు, రెండు రోజులు మిగులు.”

మెషిన్ నడిపే మసిబాబాయి భగ్గుమన్నాడు. “ముప్ఫై ఏళ్ళుగా నలుపే ముందు! నల్ల అక్షరాన్ని చూసే రంగు బొమ్మని కూర్చోబెడతా. అది లేకుండా పసుపెక్కడ కూర్చోవాలమ్మాయ్, నీ నెత్తినా?”

“ప్లేట్లన్నిటికీ మూలల్లో గుర్తులు పెట్టిస్తా బాబాయ్. వాటి మీద కూర్చోబెట్టు. తప్పితే నా నెత్తినే వెయ్యి.”

గొణుక్కుంటూనే రంగంలోకి, అంటే రంగులోకి దిగాడు బాబాయి.

ఐదో రోజు ఉదయం నలుపు ఎక్కే వేళకి అందరి మొహాలూ ముందే నల్లబడ్డాయి. గుర్తు తప్పితే అప్పటిదాకా కొట్టిన వేల షీట్లు చిత్తుకాగితాలే. మొదటి షీటు పడింది. బాబాయి భూతద్దం తీసి అటు చూశాడు, ఇటు చూశాడు, తలకిందులుగా తిప్పి చూశాడు.

“ఛ! వెంట్రుకంత తేడా కూడా లేదు!” అన్నాడు, తిట్టినట్టే మెచ్చుకుంటూ.

ఆరో రోజు సాయంత్రం ఆఖరి షీటు దిగింది. షీట్లు చూసుకున్న ప్రచురణకర్త ఏడాది పని మొత్తం అక్కడే రాసిచ్చాడు. “మెషిన్ అమ్మేది లేదు!” అని మామయ్య బల్ల గుద్దాడు. అది ఎవరికీ వినపడలేదు. అప్పటికే బాబాయి ఓ పటాన్ని జెండాలా ఎత్తి పట్టుకుని, “ఏడన్నాం, ఆరులో కొట్టాం! మా అమ్మాయి లెక్క!” అని వీధంతా మోగిస్తున్నాడు.