వీధి కొలత

హోటలు తలుపులు తెరిచేది తమ్ముడు. బల్లల మీద బోర్లించిన కుర్చీలు దించి, నేల తుడిచి, టీకి నీళ్ళు పెట్టాక అక్క వస్తుంది. వస్తూనే ఏదో ఒక బల్ల మీద వేలితో రాసి చూసి, తుడవలేదంటుంది. తుడిచానని వాడు అనడు, మళ్ళీ తుడుస్తాడు. ఆ అక్కాతమ్ముళ్ళ పొద్దుటి పలకరింపు అదే. ఆవిడని వీధి వీధంతా అక్క అనే పిలుస్తుంది, ఆవిడకంటే వయసులో పెద్దవాళ్ళతో సహా. వాడు అందరికీ తమ్ముడే. అసలు పేర్లు ఎక్కడైనా సంతకం పెట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం బయటికొస్తాయి.

హోటలు వీధికి ఈ చివర, బడి ఆ చివర. మధ్యలో చెప్పుకోదగ్గవేమీ లేవు. ఒక లాండ్రీ, ఒక మందుల షాపు, ఎప్పుడు చూసినా మూసి ఉండే టైలరు కొట్టు, కొన్ని ఇళ్ళు. ఆ వీధి పొడవెంతని అడిగితే మాత్రం చెప్పడం కష్టం. నడిచే మనిషి మనసులో ఎంత దిగులుంటే అది అంత సాగుతుంది. సంతోషంగా ఉన్నవాడికి నాలుగడుగుల్లో అయిపోతుంది. నలుగురు కలిసి నడిస్తే ఎవరి దిగులు పెద్దదో వాళ్ళ కొలతే అందరికీ. పరీక్షల మార్కులు చెప్పే రోజున పిల్లలు ఇళ్ళకి ఆలస్యంగా చేరతారని తల్లులకి తెలుసు, ఎవరూ కంగారుపడరు. మందుల షాపాయన భార్య పోయిన కొత్తలో, ఆయన ఇంటి నుంచి షాపుకి రావడానికి మధ్యాహ్నం భోజనం కూడా కట్టుకుని బయల్దేరేవాడు. ఆయన వెనకాల చిక్కుకుపోయిన పాలవాడు పాలు విరిగిపోతున్నాయని గోల పెట్టేవాడు. అంతకు మించి దాని గురించి ఎవరూ మాట్లాడుకోరు.

అక్కకి ఆ వీధి ఎప్పుడూ పొట్టిదే. దిగులుపడడానికి తీరికేదీ అనేది. తమ్ముడికి మాత్రం చాలా పొడుగు. రోజూ బడి వదిలే వేళకి భుజం మీది తువ్వాలు మేకుకి తగిలించి గేటు దాకా వెళ్ళొస్తాడు. వాడి భార్య ఆ బళ్ళోనే టీచరు, కూతురు ఆ బళ్ళోనే చదువుతోంది. వాడి తాగుడు పడలేక ఆమె పిల్లని తీసుకుని, బడి వెనకే ఉన్న పుట్టింటికి వెళ్ళిపోయింది. వెళ్ళిన మర్నాడే వాడు తాగుడు మానేశాడు. ఆ మానేదేదో ఒక్కరోజు ముందు మానితే పోయేది కదా అని అందరూ అన్నారు, వాడూ అదే అన్నాడు. అప్పట్నుంచి చుక్క ముట్టలేదు. గేటుకి ఎదురుగా నిలబడి, పిల్ల తల్లి చెయ్యి పట్టుకుని వెళ్తుంటే చూసి వచ్చేస్తాడు. చాలా రోజులు వాడు చేరేసరికే గేటుకి తాళం పడేది.

ఇక హోటలు సంగతి. పెద్ద రోడ్డు మీద కొత్తగా పెట్టిన చోట భోజనంతో పాటు గ్లాసు కూడా దొరుకుతుంది. బస్సు డిపోలో పని దిగే డ్రైవర్లు ఒక్కొక్కరే అటు మళ్ళారు. మొహమాటానికి వచ్చే ఇద్దరు ముగ్గురు టీ తాగి, ఇక్కడ కూడా అది ఉంటే ఎంత బాగుండేదక్కా అని లేచిపోతారు. వంటాయన పొయ్యి పక్కన కూర్చుని ఈగలు తోలుకుంటున్నాడు. ఇలాగే ఉంటే ఎండలు ముదిరేలోపు తలుపులు మూసుకోవాలి.

అందుకని అక్క ఆబ్కారీ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. ఆ ఆఫీసులో ఒక కాలు కుంటిదైన బల్ల ఉంది, దాని మీంచి ఎవరు లేచినా పక్కవాళ్ళు కింద పడబోతారు. ఆ బల్ల మీద కూర్చుని కూర్చుని, ఎవరు ఎప్పుడు లేస్తారో ముందే కనిపెట్టడం నేర్చుకుంది. నిప్పు ఆర్పే సిలిండరు కొన్నది, వెనకాల ఇంకో మరుగుదొడ్డి కట్టించింది, మాకేం అభ్యంతరం లేదని ఇరుగుపొరుగు చేత సంతకాలు పెట్టించింది. తమ్ముడిని మాత్రం అడగలేదు. నీ ఇష్టం అక్కా అంటాడని తెలుసు. ఇదంతా వాడి కోసం కూడా అని తనకు తనే చెప్పుకుంది. హోటలు మూతపడితే వాడెక్కడికి పోతాడు, పనీ పాటా లేనివాడి దగ్గరికి ఏ పెళ్ళాం తిరిగొస్తుంది? అందులో అబద్ధమేమీ లేదు. అందుకే ఆవిడకి అంత ధైర్యం.

చివరికి మిగిలింది కొలత. మద్యం పోసే గుమ్మానికీ బడి గేటుకీ మధ్య వంద మీటర్లు ఉండాలి. టేపు ఒక కొస ఆఫీసు బంట్రోతు పట్టుకోవాలి, రెండో కొస దరఖాస్తు పెట్టినవాళ్ళ మనిషి పట్టుకోవాలి. టేపు పరిచినప్పుడల్లా బంట్రోతు నేల మీద సుద్దతో గీత గీసి, అక్కడి నుంచి మళ్ళీ పరుస్తాడు. అలా గేటు దాకా కొలిస్తేనే లెక్క. మొదటిసారి టేపు అక్కే పట్టుకుంది. కాగితాలన్నీ కుదిరాయన్న సంతోషంలో ఆ రోజు ఆవిడ నేల మీద నడవడం లేదు. ఇంకేముంది, లాండ్రీ వచ్చి మందుల షాపుని రాసుకుంది, చూస్తుండగానే గేటు వచ్చేసింది. చాలదని, వెంట వచ్చిన ఆబ్కారీ ఇన్‌స్పెక్టరు తల అడ్డంగా ఊపాడు. చెడ్డవాడు కాదు. ఏ వీధి గొడవ దానికుంటుందమ్మా, నేను రాసేది మాత్రం టేపు చెప్పిందే అన్నాడు. అడిగితే ఇంకొక్కసారి కొలుస్తారట, ఆ తర్వాత ఇంక లేదట. వెళ్తూ వెళ్తూ గొంతు తగ్గించి, ఈసారి టేపు ఇంకెవరి చేతికైనా ఇవ్వండి అన్నాడు.

ఎవరి చేతికో వీధిలో అందరికీ తెలుసు. మందుల షాపాయన తను పట్టుకుంటానని ముందుకొచ్చాడు గానీ, ఈమధ్యే మళ్ళీ పెళ్ళి చేసుకున్న మనిషి, ఆయన దిగులు ఇప్పుడు కొలతకి ఆనదు. అక్క తమ్ముడి దగ్గరికే వెళ్ళింది. వాడు గ్లాసులు కడుగుతున్నాడు.

"నువ్వు రోజూ వెళ్ళే దారే కదరా. చేతిలో టేపు ఉంటుంది, అంతే."

వాడు కడిగిన గ్లాసుని వెలుతురుకి పట్టి చూశాడు. "అయితే ఇక్కడ మనమూ పోస్తామన్నమాట."

"పోస్తాం. నువ్వు తాగాలనేముంది?"

"సరే అక్కా," అన్నాడు.

రెండో కొలత రోజు పొద్దున్నే బడి ఆయా టీకి వచ్చింది. తమ్ముడు నీళ్ళకి వెళ్ళడం చూసుకుని, మీ మరదలు కబురు చెప్పమంది అని అక్కని పక్కకి పిలిచింది. ఆయన రోజూ రావడం ఆమె చూస్తూనే ఉందట, పిల్ల రాత్రిళ్ళు నాన్న కావాలంటోందట. ఇవాళ గంట కొట్టగానే గేటు దగ్గర నిలబడుతుంది, ఆలస్యం చెయ్యకుండా రమ్మంది, వస్తే ముగ్గురూ కలిసి ఇంటికి వెళ్దామంది. వింటుంటే అక్కకి కళ్ళు చెమర్చాయి. నిజంగా సంతోషించింది, అందులో కల్తీ ఏమీ లేదు. ఒరేయ్ అని పిలవబోయి, ఆగిపోయింది.

ఇప్పుడు చెబితే వాడు గంతులేస్తూ నడుస్తాడు. వీధి నాలుగడుగులైపోతుంది. ఇంక మూడో కొలత లేదు. ఎలాగూ టేపు పట్టుకుని వాడు వెళ్ళేది ఆ గేటుకే. అక్కడ ఆమె ఉంటుంది, పిల్ల ఉంటుంది. టేపు చివర వాడికి వాళ్ళు దొరుకుతారు, ఇక్కడ తనకి లైసెన్సు దొరుకుతుంది. ఎలా చూసినా ఇందులో ఎవరికీ నష్టం కనబడలేదు. తనే చెబుతానని ఆయాని పంపించేసింది.

మధ్యాహ్నం దాటాక ఇన్‌స్పెక్టరు గుమ్మం పక్క బల్ల దగ్గర టీ పెట్టించుకుని కూర్చున్నాడు. తమ్ముడు టేపు కొస పట్టుకుని వీధిలోకి దిగాడు. దిగడమే హుషారుగా దిగాడు. ముందురోజు పిల్ల గేటు దాటుతూ వెనక్కి తిరిగి వాడికి చెయ్యి ఊపిందట. ఆ సంగతి వంటాయనకి అప్పటికే విసుగొచ్చేన్నిసార్లు చెప్పాడు. మొదటి గీత గీశారో లేదో లాండ్రీ వచ్చేసింది. రెండో గీతకి మందుల షాపు. గేటు ఊచల మీది తుప్పు కూడా కనిపించేంత దగ్గరగా వచ్చేశారు. అక్క పరుగెత్తుకెళ్ళి వాడి మోచెయ్యి పట్టుకుంది.

"ఎందుకురా అంత సంబరం? చెయ్యి ఊపితే వచ్చేసినట్టేనా? ఇంక గేటు దగ్గరికి రావద్దని కబురు పెట్టింది."

"ఎప్పుడక్కా?"

"పొద్దున్న."

కాసేపటి అబద్ధమే కదా అనుకుంది. గేటు దాకా వెళ్తే వాడికే తెలుస్తుంది. వాడు వంగి, టేపు కొసని నేలకి నొక్కిపెట్టాడు.

అప్పుడు సాగింది వీధి. మందుల షాపుకీ టైలరు కొట్టుకీ మధ్య ఎవరూ ఎన్నడూ చూడని గోడ ఒకటి రావడం మొదలుపెట్టి, అలా వస్తూనే ఉంది. గేటు వెనక్కి వెనక్కి వెళ్ళి బొత్తాం అంత అయింది. అక్క వెనక్కి తిరిగి హోటలు చేరడానికే చాలా సేపు పట్టింది. ఆవిడ గుమ్మం ఎక్కుతుండగా బడి గంట వినిపించింది. వీధిలో ఇద్దరు మనుషులు చిన్నగా కనిపిస్తున్నారు, వంగుతున్నారు, లేస్తున్నారు, మళ్ళీ వంగుతున్నారు. ఇంక చాలురా, త్వరగా నడవరా అని అక్క లోపల్లోపలే అనుకుంటూ నిలబడింది. ఇన్‌స్పెక్టరు టీ మీద టీ తాగి, చివరికి కుర్చీలోనే కునుకు తీశాడు.

దీపాలు పెట్టే వేళకి ఇద్దరూ తిరిగొచ్చారు. బంట్రోతు కాళ్ళు పట్టుకుని గుమ్మంలోనే కూలబడ్డాడు. "సుద్ద అయిపోయింది సార్. ఇటుక ముక్కతో గీశాను. వంద ఎప్పుడో దాటింది," అన్నాడు. ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టేశాడు. తమ్ముడు టేపు చుట్టి బల్ల మీద పెట్టాడు.

"గేటు తాళం వేసుందక్కా," అన్నాడు.

అక్క ఆ టేపుని తీసి బంట్రోతుకి అందించింది.

మర్నాడు పొద్దున్న ఆయా టీకి రాలేదు, అడగడానికి వచ్చింది. తమ్ముడు పక్క బల్ల తుడుస్తున్నాడు.

"మీరు చెప్పలేదా అక్కా? గంట కొట్టినప్పట్నుంచీ మీ మరదలు గేటు పట్టుకుని నిలబడింది. దూరంగా ఈయన వంగుతూ లేస్తూ కనిపించాడు. ఆ టేపు దేనికని అడిగితే, బార్ లైసెన్సుకని నేనే చెప్పాను. పిల్ల నాన్నా నాన్నా అని పిలిచింది. ఈయన తలెత్తలేదు."

వేరే ఊరి బడికి బదిలీ కాగితం ఆమె చాలా రోజులుగా బ్యాగులో పెట్టుకుని తిరుగుతోందట. ఇవాళ పొద్దున్నే ఒప్పుకుంటున్నానని సంతకం పెట్టి ఇచ్చేసిందట. అది విని తమ్ముడు గుడ్డ బల్ల మీదే వదిలేసి వీధిలోకి నడిచాడు. వాడి వెనకే అక్క. పొద్దున బయల్దేరినవాళ్ళు గేటు చేరేసరికి చీకటి పడింది, తాళం వేసి ఉంది. ఆయా చేత అక్క నిజం చెప్పి పంపింది, తప్పంతా నాదేనంది. అక్కడి నుంచి వచ్చిన జవాబు చిన్నదే. ఆయన తాగిన రోజుల్లో కూడా మా వదిన ఇలాగే తప్పంతా తన మీద వేసుకునేది, అలవాటైపోయింది నాకు, అందట. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. అక్క అప్పట్లో నిజంగానే అలా చాలాసార్లు చెప్పింది. ఆ వారం దాటకుండానే తల్లీ కూతురూ వెళ్ళిపోయారు.

లైసెన్సు వచ్చింది. అద్దం వేయించి గోడకి తగిలించారు. డ్రైవర్లు తిరిగొచ్చారు, పొయ్యి ఆరడం లేదు, వంటాయన సాయానికి ఇంకో మనిషి కావాలంటున్నాడు. తమ్ముడు అందరికీ పోసేవాడు, తను ముట్టేవాడు కాదు. ఒకరోజు బడి గంట వినబడగానే అలవాటుగా తువ్వాలు తీసి మేకుకి తగిలించాడు. గుమ్మం దాకా వెళ్ళి, ఆగి, వెనక్కి వచ్చి మూల బల్ల దగ్గర కూర్చున్నాడు.

"ఒక గ్లాసు పొయ్యక్కా."

"వద్దురా."

"అడిగినవాళ్ళకి పొయ్యొచ్చని గోడ మీద ఉంది కదా."

వాడి గొంతులో కోపం లేదు. ఉంటే అక్క బతికిపోయేది. పోసింది.

ఏడాది తిరిగేసరికి లైసెన్సు మళ్ళీ రాయించుకోవాల్సి వచ్చింది. మళ్ళీ అదే ఇన్‌స్పెక్టరు, అదే బంట్రోతు. ఈసారి బంట్రోతు ముందుచూపుతో సుద్దల పెట్టె తెచ్చుకున్నాడు. ఇన్‌స్పెక్టరు మూల బల్ల వైపు చూశాడు. తమ్ముడు అక్కడ తల వాల్చుకుని ఉన్నాడు, పక్కన ఖాళీ గ్లాసు.

"మీ తమ్ముడు లేవగలడా?" అన్నాడు.

"వాడిని పడుకోనివ్వండి. నేను పట్టుకుంటాను," అంది అక్క.

పోయినసారి మీ చేతిలో ఏమైందో గుర్తుంది కదమ్మా అని ఇన్‌స్పెక్టరు మంచికే చెప్పబోయాడు. ఆవిడ అప్పటికే టేపు కొస అందుకుని మెట్టు దిగింది. బంట్రోతు గుమ్మంలో మొదటి గీత గీశాడు. బడి గంట కొట్టారు, పిల్లల గోల వినిపించి సద్దుమణిగింది. ఇన్‌స్పెక్టరు టీ చల్లారింది, ఇంకో టీ చెప్పాడు, అదీ చల్లారింది. దీపాలు పెట్టే వేళకి వంటాయన చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి చూశాడు. దూరంగా అక్క టేపు పట్టుకుని వంగుతోంది, లేస్తోంది. ఇంకా లాండ్రీ కూడా రాలేదు.