ఓడ మనిషి పేరు

పొత్తిగుడ్డలు ఆరేసే ముందు తాడుని తడిగుడ్డతో తుడవాలి. అక్క ఇంటికి వచ్చిన మొదటి రోజు నాకా సంగతి తెలియదు. మా ఊళ్ళో తాడు మీద బట్ట వేస్తే సాయంత్రానికి ఎండ వాసన వస్తుంది. ఇక్కడ పూర్ణా మార్కెట్ వెనక సందులో పోర్టు నుంచి వచ్చే బొగ్గుపొడి తాడు మీద, మెట్ల మీద, తులసాకుల మీద సన్నగా పేరుకుంటుంది. తుడవకుండా ఆరేసినందుకు ప్రతి గుడ్డకీ నల్లటి గీత పడింది. అక్క అత్తగారు చిట్టెమ్మత్త వాటిని తెచ్చి నా ఒళ్ళో పడేసి, "మీయమ్మ ఇద్దర్నీ సదివించింది గానీ గుడ్డలారెయ్యడం నేర్పనేదే గుంటా" అంది. అని లోపలికి తిరిగి, "ఒలే పద్మా, టీ ఎట్టు" అని కేకేసింది.

ఆ కేకకి అక్క లేచి వెళ్ళి టీ పెట్టింది. కడుపు మీద కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. కానీ నన్ను ఉలిక్కిపడేలా చేసింది కుట్లు కాదు, ఆ పిలుపు. మా అక్క పేరు రాధ. గోపీ బావ వాళ్ళ అక్క పేరు కూడా రాధే. "ఒకింట్లో ఇద్దరు రాధలేటి? కూతుర్ని పిలిస్తే కోడలు పలుకుతాది" అని పెళ్ళినాడే చిట్టెమ్మత్త మా అక్కకి పద్మ అని పెట్టుకుంది. అప్పుడు మా నాన్న కూడా నవ్వుతూ ఒప్పుకున్నాడు. చిన్న విషయంలే అనుకున్నాం. మా ఇంటికి వచ్చినప్పుడు అక్క రాధగానే ఉండేది కాబట్టి, ఇక్కడ తను ఇంకొకరిగా ఉంటుందని నాకెప్పుడూ తోచలేదు. తొలి కానుపు పుట్టింట్లో జరగాలి గానీ, ఆపరేషన్ తప్పదన్నారని అక్కకి తను నర్సుగా చేసే ఆస్పత్రిలోనే కాన్పయింది. అమ్మ గేదెల్ని వదిలి రాలేక నన్ను ఎలమంచిలిలో రైలెక్కించింది. అలా వచ్చాను కాబట్టే ఆ పిలుపు రోజూ విన్నాను. పద్మా, వేణ్ణీళ్ళు. పద్మా, గోపీ చొక్కా. పద్మా, పిల్ల ఏడుస్తోంది. అక్క ఒక్కోసారి పలకడం ఆలస్యమయ్యేది. చెవుడేమో అని వేళాకోళం చేసేవారు. తనది కాని పేరు చెవిలోంచి లోపలికి వెళ్ళడానికి టైమ్ పడుతుందని నాకనిపించేది.

పాపకి ఏ పేరు పెట్టాలన్నది అందరూ మాట్లాడేవారు, అక్క తప్ప. చిట్టెమ్మత్తకి వాళ్ళత్త జోగమ్మ పేరు కలవాలి. బావకి రియా అని పెట్టాలి. బావ షిప్పింగ్ ఏజెన్సీలో చేస్తాడు. ఓడలు వస్తే కాగితాలు పట్టుకుని పైకెక్కుతాడు, రోజంతా కెప్టెన్లతో ఇంగ్లీషులో ఫోన్లు. "రియా అయితే ఏ దేశపోడికైనా నోరు తిరుగుతాది" అనేవాడు.

ఒక మధ్యాహ్నం చిక్కుళ్ళు ఈనెలు తీస్తూ అక్క మెల్లగా అంది. "యస్నా అని ఎడదాం."

బావ భోజనం ఆపి చూశాడు. "ఆ ఓడ మనిషి పేరా?"

"ఓడ మనిషేటిరా?" అంది చిట్టెమ్మత్త.

ఆ సంగతి నాకు అంతకుముందే తెలుసు. పాపకి పాలిస్తూ అక్క చెప్పింది. అక్కకి నెలలు నిండక ముందు ఒక ఓడలోంచి క్రొయేషియా దేశపు ఇంజినీరమ్మని ఆస్పత్రిలో చేర్చారట. ఆవిరి తగిలి చెయ్యి కాలింది. తీసుకొచ్చిందీ, కాగితాలు రాసిందీ మా బావే. పేరు చూసి మేడమ్ జాస్నా అన్నాడు. ఆవిడ యస్నా అంది. డాక్టరు జాస్నా అన్నాడు. యస్నా అంది. ఇంగ్లీషు కెప్టెన్ చూడ్డానికి వచ్చి జాజ్నా అన్నాడు. ఆవిడ కట్టు కట్టించుకుంటూనే, పళ్ళు బిగించి నొప్పి ఓర్చుకుంటూనే, యస్నా అంది. కోపం లేదట, నవ్వూ లేదట. మంచినీళ్ళు అడిగినంత మామూలుగా అనేదట. ఇదంతా చెబుతుంటే అక్క కళ్ళు ఎలా ఉన్నాయంటే, మా ఊళ్ళో చిన్నప్పుడు తను మొదటిసారి సైకిలు తొక్కి వచ్చినప్పుడు అలా ఉన్నాయి. తర్వాత గొంతు తగ్గించింది. ఒకరోజు డ్రెస్సింగ్ చేస్తుంటే బావ గుమ్మంలోంచి "పద్మా" అని పిలిచాడట. ఆ ఇంజినీరమ్మ అక్క కోటు మీద రాధ అన్న పేరు చదివి, బావని చూసి, "ఆయన ఎవర్ని పిలుస్తున్నాడు?" అంది. నన్నే అంది అక్క. "మరి ఈ రెండిట్లో నీదేది?" అని ఆవిడ అడిగిందట.

"సెప్పడానికి నాకు శానా సేపు పట్టిందే సత్యా," అంది అక్క నాతో. "ఆవిడ జాలి పడినా బాగుండును. ఊరికే సూత్తా కూకుంది, నాను సెప్పేదాకా."

ఇప్పుడు అదే పేరు కంచాల మధ్యకి వచ్చింది. చిట్టెమ్మత్త నోరు నొక్కుకుంది. "ఇది మనింట్లో పుట్టిన పిల్లా, ఓడలో దిగిన సరుకా?"

బావకి కోపం రాలేదు, అదే కష్టం. ఓపిగ్గా చెప్పాడు. "అది కాదు పద్మా. జే అచ్చరంతో రాత్తారు. ఇంగ్లీషోడు ఎవడు సూసినా జాస్నా అంతాడు. రేప్పొద్దున్న సదువుకీ ఉద్యోగానికీ ఎక్కడికెల్లినా ఈ పిల్ల బతుకంతా సరిసేసుకుంతానే ఉండాల."

"అదే కదండీ నాక్కావాల్సింది," అంది అక్క.

"ఏటి?"

"సరిసేసుకోడం. నాకు రానేదు. దీనికి చిన్నప్పుడే అలవాటవ్వాల."

బావ మళ్ళీ అన్నం కలుపుకున్నాడు. చిట్టెమ్మత్త మాత్రం, "పేరు రాసేది తండ్రి. సెవిలో సెప్పేది మేనత్త. తల్లికేటి పనందులో" అని లేచిపోయింది. నిజమే, మా వైపు బారసాలలో అంతే. పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో తండ్రి పేరు రాస్తాడు. మేనత్త పిల్ల చెవిలో మూడుసార్లు చెబుతుంది. తల్లి పిల్లని ఎత్తుకుని కూర్చుంటుంది.

బారసాల నాడు ఇల్లు నిండిపోయింది. అమ్మ, నాన్న వచ్చారు. బావ వాళ్ళక్క రాధ వదిన పట్టుచీరలో పాప ఊయల పక్కనే కూర్చుంది. నేను తలుపు వెనకే ఉన్నాను. నలుగురిలోకి వెళ్ళాలంటే నాకు కాళ్ళు రావు. పంతులుగారు మంత్రం చదివి, "రాయి నాయనా" అన్నారు. బావ ఉంగరం తీసి బియ్యంలో 'రి' అని రాశాడు. అప్పుడు అక్క పాపని అమ్మకి అందించింది. పళ్ళెం మీద అరచెయ్యి పెట్టి, పిండి చదును చేసినట్టు, బియ్యం చదును చేసేసింది.

ఊయల గొలుసు కిర్రుమంది.

"తండ్రి రాయాలమ్మా," అన్నారు పంతులుగారు.

"రాయమనండి. పేరు ఆయనకి తెలుసు."

బావ ఉంగరం వేళ్ళ మధ్య తిప్పాడు. వాళ్ళమ్మ వైపు చూశాడు, అక్క వైపు చూశాడు. తర్వాత ఉంగరాన్ని పళ్ళెం అంచున పెట్టాడు. ఇచ్చాడో, వదిలేశాడో నాకు తెలియదు. అక్క దాన్ని తీసుకుని రాసింది. తెలుగులో ఆ పేరుకి ఏ కష్టమూ లేదు. ఎలా పలుకుతామో అలాగే ఉంది.

"కానియ్యండి, మేనత్త చెవిలో చెప్పాలి," అన్నారు పంతులుగారు.

రాధ వదిన కదల్లేదు. చేతులు కట్టుకుంది. "నాకు నోరు తిరగదు బాబూ. ఓడోళ్ళనే పిలిపించుకోమనండి."

కొందరు నవ్వారు. చిట్టెమ్మత్త కూతురి వైపు మెచ్చుకోలుగా చూసింది. చెవిలో చెప్పనిదే పేరు పెట్టినట్టు కాదు. బియ్యంలో రాత ఎంతసేపుంటుంది, సాయంత్రానికి బియ్యం డబ్బాలోకి పోతుంది. అక్క బతిమాలుతుందని అందరూ చూస్తున్నారు. అక్క బతిమాలలేదు. పాపని తీసుకుని, చెవి మీది జుట్టు పక్కకి తీసి, అలాగే కూర్చుంది. ఆ ఇంజినీరమ్మ కూడా ఇలాగే కూర్చుని ఉంటుందనిపించింది, ఎదుటివాళ్ళు సరిగ్గా చెప్పేదాకా.

నేనెప్పుడు తలుపు వెనక నుంచి వచ్చానో నాకు గుర్తులేదు. పీటల దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాక, అందరూ నన్నే చూస్తున్నారని తెలిసింది.

"పిన్ని సెప్పచ్చా పంతులుగారూ?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

పంతులుగారు తలూపారు. అక్క పాపని నా వైపు వంచింది. పాప చెవి పసుపు వాసన వస్తోంది. యస్నా అన్నాను. యస్నా. యస్నా. మూడుసార్లూ అందరికీ వినపడేలాగే చెప్పాను. లేవబోయి, మళ్ళీ వంగి, ఈసారి దానికొక్కదానికే చెప్పాను.

"ఎవులైనా ఇంకోలా పిలిస్తే పలక్కే."