చుట్టాల వీసా

సలూద్ పీత డొప్ప విప్పి, తెల్లటి కండను గోటితో పళ్లెంలోకి లాగింది. రేవు పక్క రేకుల కొట్టంలో తెల్లవారక ముందు నుంచీ ఇదే పని. ఉప్పునీళ్లకు నాని నాని ఆమె వేళ్లు ముల్లు గుచ్చుకున్నా తెలియనంతగా మొద్దుబారాయి. మధ్యాహ్నం వీసా ఆఫీసుకు వెళ్లాలని మేస్త్రీతో ముందే చెప్పుకుంది.

"నువ్వు కొరియా పోతే ఈ పీతలు ఎవరు ఒలుస్తారే? నీ అల్లుణ్ణి పంపు," అంది ఎదురుగా కూర్చున్న దెలియా. సలూద్‌కు నవ్వే ఓపిక కూడా లేదు.

కొరియావాణ్ణి చేసుకున్న కూతురు అర్లీన్‌కు వచ్చే నెలలో కాన్పు. భయంగా ఉంది, రమ్మని ఫోనులో ఏడ్చింది. అర్లీన్ సలూద్ కన్న బిడ్డ కాదు. స్నేహితురాలి బిడ్డ; బాప్తిజం నాడు సలూద్ ఆ పిల్లకు జ్ఞానతల్లిగా నిలబడింది. ఆ స్నేహితురాలు జ్వరంతో పోయినప్పుడు పిల్లను ఎవరు పెంచాలన్న మాటే రాలేదు. జ్ఞానతల్లి బతికుండగా ఈ రేవులో ఎవరూ ఆ మాట అడగరు. సలూద్ మరి పెళ్లి మాట తలపెట్టలేదు.

ఆఫీసులో గెమ్మా అనే అమ్మాయి రెండు రకాల వీసాల గురించి చెప్పింది. కూతురి కాన్పుకు వచ్చే తల్లికి చుట్టాల వీసా ఇస్తారు, నెలల తరబడి ఉండవచ్చు. రెండోది టూరిస్టు వీసా, అది కొద్ది రోజులకే. సలూద్ మొదటిదే అడిగి, బాప్తిజం కాగితం బల్ల మీద పెట్టింది.

"ఇందులో నువ్వు జ్ఞానతల్లివే గదా, పెద్దమ్మా. దత్తత కాగితం ఏదీ?"

"నా పిల్లను నేను దత్తత తీసుకోవడమేమిటమ్మా?"

గెమ్మా బాప్తిజం కాగితాన్ని వెనక్కి జరిపింది. తర్వాత నెమ్మదిగా, అక్కడివాళ్లకు ఈ చుట్టరికం లెక్కలోకి రాదనీ, తల్లినని రాస్తే అబద్ధం కింద జమకట్టి అసలు రానివ్వరనీ చెప్పింది. టూరిస్టుగా వెళ్లడమే దారి. కాన్పు సామాను మాత్రం పెట్టెలో ఉండకూడదు, పిల్లను చూసుకునే పనికి పోతోందనుకుని విమానం ఎక్కనివ్వరు.

"మరి అర్లీన్ నాకేమవుతుందని అడిగితే?"

"తెలిసిన అమ్మాయి అని చెప్పు."

సలూద్ బాప్తిజం కాగితం మడిచి చేతిలోకి తీసుకుంది. లేచి పోదామనుకుంది. ఫోనులోని ఏడుపు గుర్తొచ్చింది.

"తెలిసిన అమ్మాయి," అంది చివరికి. "అట్లాగే రాయి."

వీసా వచ్చాక ఒక ఉదయం ఆమె బస్సెక్కింది. బిడ్డను ఎత్తుకునే ముందు చేతులు సబ్బుతో రుద్దుకో, పీత కంపుకు జడుసుకుంటుందని దెలియా కిటికీ దగ్గర నిలబడి చెప్పింది. బస్సు మలుపు తిరిగింది.

ఇంట్లో, పెట్టెలోంచి ఆఖరి నిమిషంలో తీసేసిన పసిబిడ్డ బొడ్డు మీద చుట్టే పొట్టపట్టీలు మంచం మీద ఉన్నాయి. సలూద్ పాత పావడా చింపి కుట్టినవి, ఉతికి ఉతికి మెత్తబడినవి.