జారుడు నాడి

పొద్దున్నే లేచి కషాయం కుండలు పొయ్యి మీద పెట్టేది నేను. వేర్లు తూచేది, నానబెట్టేది, పొంగిపోకుండా కాపలా కాసేది నేను. గుమ్మం మీద పేరు మాత్రం మా ఆయన లామ్ కిట్ మన్‌ది. ఇద్దరం ఒకే కాలేజీలో చైనా మూలికావైద్యం చదివాం, ఒకే లైసెన్సు తెచ్చుకున్నాం. "ఒక గదిలో ఇద్దరు డాక్టర్లేమిటే, జనం నవ్వుతారు" అన్నాడు పెళ్లైన కొత్తలో. ఆ నవ్వేవాళ్లెవరో ఇప్పటికీ నాకు తెలీదు.

ఆ చలికాలం హాంకాంగ్‌లో ఆసుపత్రులు నిండిపోయి ముసలివాళ్లని ఆరుబయట మంచాల మీద పడుకోబెట్టారు. మేముండే షామ్ షుయ్ పో పేటలో మా పేషెంట్లే ఒక్కొక్కరూ రాలిపోతున్నారు. కరోనా టీకా వేయించుకోమంటారా అని ఎవరడిగినా ఆయనది ఒకటే మాట. "ఒంట్లో సత్తువుంటే రోగం గుమ్మం దాటదు. నా కషాయం తాగండి చాలు." ఆ కషాయం కాచిన చేతులు నావి కదా, ఎవరు పోయారని తెలిసినా నాకు అన్నం సహించేది కాదు. చివరికి భయం పట్టలేక, చేపలు తెస్తానని చెప్పి వెళ్లి టీకా వేయించుకొచ్చాను.

మర్నాడు ఒళ్లు కాలిపోయింది, వాంతి కూడా అయింది. ఆయన నా మణికట్టు మీద మూడు వేళ్లు వేసి కళ్లు మూసుకున్నాడు. "జారుడు నాడి! ముత్యాలు దొర్లుతున్నట్టుంది. అమ్మా, కడుపే!" అని కేకేశాడు. జ్వరంలోనూ నాడి అలాగే జారుతుందని మాకు మొదటి ఏడాదే చెప్పారు. ఆయనకి కొడుకు మీద ఆశ, వేళ్లకి అదే తగిలింది. అత్తగారు మేడ మొత్తానికీ చెప్పేసింది. తీరా కడుపుతో ఉన్నవాళ్లకిచ్చే మందు నాకు నేనే కాచుకోవలసి వచ్చేసరికి ఇక దాచలేకపోయాను.

"కడుపు కాదండీ. టీకా వేయించుకున్నాను. దాని జ్వరమే ఇది."

"అంటే నేను చూసిన నాడి తప్పా?" అన్నాడు మెల్లగా.

అంతే, నన్ను ఎత్తి మందుల బీరువాకేసి కొట్టాడు. సొరుగుల ఇత్తడి పిడులు వీపులో దిగాయి. జబ్బ పట్టుకుని పిండాడు. "ఎక్కడ పొడిపించుకున్నావే? ఇక్కడా? ఇక్కడా?" అంటూ వేళ్లు ఎముక దాకా గుచ్చాడు. మరుగుతున్న కుండ తీసి నా కాళ్ల దగ్గర పగలేశాడు. పాదాలు బొబ్బలెక్కాయి. అత్తగారు పరిగెత్తుకొచ్చి నా నోరు మూసింది. "అరవకే తల్లీ, ముందుగదిలో జనం ఉన్నారు. వాడి పరువు పోతుంది" అంది. నా ఒళ్లు ఏమైపోయినా ఫరవాలేదన్నమాట!

తర్వాత నాలుగైదు రోజులకి ఫోంగ్ పెద్దమ్మ వచ్చింది. ఎనభై దాటిన మనిషి, ఉబ్బసం రోగి, ఒక్క టీకా కూడా పడలేదు. "మా అంతస్తులో ఇద్దరు పోయారు డాక్టరుగారూ. టీకా వేయించుకోమని మనవరాలు ప్రాణం తీస్తోంది. రేపు తీసుకెళ్తుందట. వెళ్లనా?"

ఆయన నన్ను కేకేశాడు. గది నిండా మనుషులు. అందరి ముందూ నా జాకెట్టు చెయ్యి భుజం దాకా లాగేశాడు. "చూడండి. నా పెళ్లామే. నాకు చెప్పకుండా వెళ్లి వేయించుకుంది. జబ్బ ఏ రంగుకొచ్చిందో చూడండి!"

"అమ్మో, కమిలి నల్లబడిపోయిందే! నాకొద్దు నాయనా" అంటూ ఫోంగ్ పెద్దమ్మ లేచి నిలబడింది. వెనక కూర్చున్నవాళ్లు కూడా తలలూపారు.

అంతవరకూ నాకు సిగ్గే, ఏడుపే. అప్పుడు మాత్రం ఒళ్లు భగ్గున మండింది. నన్ను కొట్టిన దెబ్బని చూపించి ఈ ముసలామెని చంపబోతున్నాడు! చెయ్యి వెనక్కి లాక్కోలేదు. ఇంకా ముందుకి చాచి ఆవిడ కళ్లెదురుగా పెట్టాను.

"సూది గుర్తు ఎప్పుడో మానిపోయింది పెద్దమ్మా. రేపు వెళ్లి వేయించుకోండి. ఇవి వేళ్ల గుర్తులు. నమ్మకపోతే ఆయన్ని చెయ్యి ఇక్కడ పెట్టమని చూసుకోండి."